ఉంగరాల జుట్టు ఏల పొడిబారును?



నెల్లూరు సీమ తూర్పు అంచున నివసించువారికి రెండు వస్తువులు వెదకకయే లభించును. ఒకటి ఉప్పు, రెండవది గాలి. పులికాటు సరస్సు మొదలుకొని కృష్ణపట్నము, మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, రామాయపట్నము వరకు సాగిన ఈ తీరమున ఆ రెండును కలిసి మనుష్యుల శరీరముల మీద తమ చేవ్రాలు చేయుచునే యుండును. ఆ చేవ్రాలు ముందుగా కనబడు తావు తల. అందును ఉంగరాలు తిరిగిన జుట్టు గల తల. ఆ జుట్టు ఏల పొడిబారును, ఆ పొడిదనమునకు కారణమును ఇంటనే ఎట్లు కనుగొనవచ్చును, దానికి తగిన ఉపాయమేమి అను మూడు సంగతులను నేటి ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

ఇంత చిన్న విషయమునకు రేడియోలో చోటేల యని కొందరు అనుకొనవచ్చును. ఇండ్లలో జరుగునది చూచినచో ఇది చిన్న విషయముగ తోచదు. తల్లి కూతురిని ముందు కూర్చుండబెట్టుకొని దువ్వెన పట్టును. దువ్వెన సగములో నిలిచిపోవును. పిల్ల యేడ్చును, తల్లి విసుగుకొనును. ఇరుగుపొరుగువారు పిచ్చుకగూడని నవ్వుదురు. బడిలో, తల దువ్వుకొని రాలేదా యని గద్దింతురు. పదిపండ్రెండేండ్ల ప్రాయమున ఆ పిల్ల తన తల తనకు శత్రువని నిశ్చయించుకొనును. తల్లి మాత్రమేమి చేయును? మరికొంత నూనె పోయును, మరికొంత బిగించి జడ వేయును. అదియు ఫలింపనిచో పెండ్లికి ముందు పట్టణమునకు గొనిపోయి వేలకు వేలు పోసి జుట్టును సాపు చేయించును. ఇంత శ్రమలోను, జుట్టు దేనిచేత పొడిబారినదో అడిగినవారు లేరు. వ్యాధి తెలియని మందు ఎట్టిదో, కారణము తెలియని నూనెయు అట్టిదే.

మొదట ఒక మాట స్పష్టముగ చెప్పవలయును. ఉంగరాల జుట్టు రోగము కాదు, లోపమును కాదు. మన ప్రాచీన కవులు నాయికల నుదుట చిందులాడు అలకలను వర్ణింపక విడిచినది లేదు. అలకలనగా వంకరలు తిరిగిన ముంగురులే. 2007వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు లోకములోని కేశములను వంపును బట్టి ఎనిమిది తరగతులుగ విభజించిరి. కఱ్ఱవలె నిటారుగ నుండునది మొదటిది, మిరియపుగింజవలె గట్టిగ చుట్టుకొనునది చివరిది. మన తీరమున అలలవంటి జుట్టు మొదలు బిగువైన ఉంగరముల వరకు పెక్కు విధములు కనబడును. తెలుగునాట మిక్కిలి గట్టి చుట్టలు గల జుట్టును చూడవలెనన్నచో హైదరాబాదునకు పోవలయును. నిజాము కొలువులో ఆఫ్రికా అశ్వదళమున పనిచేసినవారి సంతతి అచట నున్నది. వారు కాపురమున్న పేటకు ఎ.సి. గార్డ్స్ అను పేరు నేటికిని నిలిచియున్నది.

అట్టి జుట్టు ప్రకృతి యిచ్చిన గొడుగని చెప్పవచ్చును. 2023లో ప్రకటితమైన యొక పరిశోధనలో మనుష్యాకారపు బొమ్మ తలకు వేర్వేరు విధముల జుట్టు తొడిగి, ఎండవంటి దీపముల క్రింద నిలిపి, తలకు సోకు వేడిని కొలిచిరి. గట్టిగ చుట్టుకొన్న జుట్టు తలను ఎండనుండి ఎక్కువగ కాపాడినది. రోహిణి కార్తె ఎండలెరిగిన నెల్లూరువారికి ఈ సంగతి యొక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

గొడుగైనను దానికొక చిక్కు కలదు. వెండ్రుకను సూక్ష్మదర్శిని క్రింద చూచినచో దాని పైభాగమున పొలుసులు కనబడును. తాటాకు ఇంటిపై ఆకులు ఒకదానిమీద ఒకటి ఎట్లు కప్పబడునో, ఈ పొలుసులును ఐదు మొదలు పది వరుసలుగ అట్లే కప్పుకొని యుండును. కప్పు చక్కగ నున్నంతకాలము లోపలి నార భద్రము. ఆకులు లేచినచో గాలియు నీరును స్వేచ్ఛగ వచ్చి పోవును. నిటారు జుట్టున తలచర్మములో పుట్టిన జిడ్డు వాలు మీద నీటివలె చివరివరకు జారును. ఉంగరాల జుట్టున ప్రతి మలుపు నొక గట్టు. జిడ్డు కుదుళ్ళయొద్దనే ఆగిపోవును, చివరలు ఎండిపోవును. మరియు అట్టి వెండ్రుక గుండ్రముగ గాక కొంత అణగి యుండును. మలుపు తిరిగిన ప్రతిచోట పొలుసులు కొంచెము లేచి, అచటనే తెగుటకు సిద్ధముగ నుండును. కావున ఉంగరాల జుట్టు పుట్టుకతోనే పొడితనము వైపు మొగ్గి యుండును. దానికి ఉప్పునీరును, ఎండయు, తప్పు దువ్వెనయు తోడైనచో చెప్పవలసిన దేమున్నది?

ఇచట మరొక సూక్ష్మము కలదు. జుట్టు పొడిగ తోచుట వేరు, అందులో నీరు తక్కువగుట వేరు. సాధారణ వాతావరణమున వెండ్రుక తన బరువులో సుమారు నూటికి పండ్రెండు మొదలు పదునైదు పాళ్ళు నీటిని ధరించును. గాలి తేమతో నిండినప్పుడు అది ముప్పది పాళ్ళ వరకు పోగలదు. పొలుసులు చెడిన జుట్టు నీటిని తక్కువగ గాక ఎక్కువగ త్రాగును, అంతే తొందరగ విడుచును. అయినను తాకినప్పుడు గరగరలాడును. మనము పొడి యని పిలుచునది పెక్కుమార్లు ఈ గరుకుదనమే. కనుకనే నీరు చల్లినను, నూనె పోసినను, ఒక్కొక్కప్పుడు ఫలితము లేకపోవుచున్నది.

మరి కారణమును కనుగొను విధమేది? పొడిదనమునకు ముఖ్యముగ నాలుగు మూలములున్నవి. జిడ్డు చివరలకు చేరకపోవుట, నీటిలోని లవణములు జుట్టుపై పొరగట్టుట, వెండ్రుకకు దెబ్బ తగులుట, శరీరములోని లోపము జుట్టున బయటపడుట. ఏది ఎవరికి వర్తించునో తెలియుటకు యంత్రములు అక్కరలేదు. కన్ను, వ్రేళ్ళు, రెండు చెంబుల నీరు చాలును.

మొదటి ప్రశ్న: పొడిదనము ఎచ్చట నున్నది? వెండ్రుకలోనా, తలచర్మము మీదనా? తల దురదపెట్టి తెల్లని పొట్టు రాలుచున్నచో దానిని పొడిదనమని భ్రమించి నూనె మర్దించుట అందరును చేయుపని. కాని చుండ్రు తరుచుగ జిడ్డుగల తలపైననే పుట్టును. తలచర్మముపై నుండెడి యొక సూక్ష్మజీవి ఆ జిడ్డును ఆహారముగ గొనును. అట్టి తలకు రాత్రియెల్ల నూనె పట్టించుట దానికి విందు పెట్టినట్లగును. చుండ్రునకు తగిన మందు షాంపూ వాడవలయును. అది తగ్గనిచో, పొట్టు దట్టమై ఎఱ్ఱని మచ్చలు తేలినచో, చర్మవైద్యుని చూడవలయును. నూనె వెండ్రుక మధ్యభాగమునకును, చివరలకును పరిమితము కావలయును.

రెండవ ప్రశ్న: కుదుళ్ళు మెత్తగ నుండి చివరలు మాత్రమే గరుకుగ నున్నవా, లేక వెండ్రుక పొడవునను ఒకే గరుకు కలదా? ఒక వెండ్రుకను రెండు వ్రేళ్ళ నడుమ పట్టి చివరనుండి కుదురు వైపునకు మెల్లగ జరుపుడు. చివరలు మాత్రమే గరుకైనచో అది వయస్సు. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. అనగా నలుబదియైదు సెంటీమీటర్ల జుట్టు చివర దాదాపు నాలుగు వేసవులు చూచినది. అంతకాలము ఎండకును దువ్వెనకును ఓర్చినది అలసినదన్నచో ఆశ్చర్యమేమి? పొడవునను ఒకే గరుకై, స్నానము చేసిన దినముననే జుట్టు మైనము పూసినట్లు బరువుగను, నిర్జీవముగను నున్నచో నీటిని అనుమానింపవలయును.

మూడవ ప్రశ్న: తడిసినప్పుడు వెండ్రుక ఏమి చేయును? రాలిన యొక తడి వెండ్రుకను రెండు కొనలను పట్టి మెల్లగ లాగుడు. ఆరోగ్యమైనది కొంత సాగి, విడిచినంతనే తిరిగి చుట్టుకొనును. సాగి సాగి జిగురువలె నిలిచిపోయినను, సాగకయే తటాలున తెగినను, లోపలి నారకు దెబ్బ తగిలినదని గ్రహింపవలయును. గ్లాసు నీటిలో వెండ్రుకను వేసి మునిగినదా తేలినదా యని చూచి తీర్పు చెప్పెడి పరీక్ష యొకటి వాడుకలో నున్నది. దానిని నమ్మవలదు. వెండ్రుకకు అంటిన నూనెయు, గాలిబుడగలును ఆ తీర్పును మార్చివేయును.

ఇక నీటి సంగతి. మన తీరమునకు ఇది ప్రాణమువంటిది. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బలలో దొరువు త్రవ్వినచో తియ్యని నీరూరును. వాననీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటె తేలికయగుటచేత దానిమీద తేలియుండును. ఆ తియ్యనిపొర పలుచనిది. దానిని యంత్రములతో మితిమీరి తోడినచో క్రిందినుండి ఉప్పునీరు పైకి వచ్చును. తీరమున రొయ్యల చెరువులు పెరిగిన పిమ్మట త్రాగునీరు ఉప్పుబారినదను మొర దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. రొయ్యల సాగును గూర్చి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ సంగతియు చర్చింపబడినది. త్రాగునీటికి కేంద్ర ప్రమాణముల సంస్థ విధించిన మేర ప్రకారము, నీటి కఠినత లీటరునకు 200 మిల్లీగ్రాముల లోపుండుట మేలు. వేరు నీరు లభింపనిచో 600 వరకు ఓర్చుకొనవచ్చును. త్రాగుటకు నిర్ణయించిన ఈ కొలత జుట్టున కెవరును నిర్ణయింపలేదు. అయినను కఠినజలమున సబ్బు నురుగు కట్టదు. సబ్బును నీటిలోని సున్నమును కలిసి తెల్లని మడ్డిగ మారి ప్రతి వెండ్రుకకు అంటుకొనును. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టుచున్నచో, అట్టి పొరయే మీ పిల్ల తలపైనను కట్టుచున్నదని తెలిసికొనుడు.

సందేహమున్నవారు ఈ చిన్న పరీక్ష చేయుడు. జుట్టులో రెండు పాయలు ఏర్పరుపుడు. రెండింటిని ఒకే విధముగ కడిగి, ఒకదానిని బోరునీటితోను, రెండవదానిని పట్టియుంచిన వాననీటితో గాని శుద్ధిచేసిన డబ్బానీటితో గాని తొలుపుడు. రెండును నీడన ఆరనిండు. ఇట్లు నాలుగైదు స్నానములు చేసి చూడుడు. రెండవ పాయ మెత్తగ నుండి మొదటిది గరుకైనచో దోషము జుట్టుది కాదు, నీటిది. రెండును సమముగ గరుకైనచో కారణమును మరొకచోట వెదకవలయును. ఖర్చు రెండు మూడు చెంబుల నీరు మాత్రమే.

నాలుగవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది: పొడిదనము జుట్టునకే పరిమితమా? జుట్టు ముతకబారి, అకారణముగ బరువు పెరిగి, ఎల్లప్పుడును అలసటయు చలియు తోచుచున్న స్త్రీకి థైరాయిడు గ్రంథి మందగించి యుండవచ్చును. ఒక రక్తపరీక్షతో అది తెలియును. కుచ్చులు కుచ్చులుగ జుట్టు రాలుచు, ముఖము పాలిపోయి, మెట్లెక్కినంతనే ఆయాసము వచ్చుచున్నచో ఇనుపధాతువు కొరతను అనుమానింపవలయును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున సగముకు మించిన స్త్రీలకు రక్తహీనత కలదని తేలినది. ఇక పసిపిల్లల విషయము. ఎండయు ఉప్పునీరును తగిలి తీరగ్రామముల పిల్లల జుట్టు చివరలు రాగిరంగునకు తిరుగుట కలదు. అది భయపడదగినది కాదు. కాని ఉంగరాలుగ నుండిన పిల్లవాని జుట్టు వంపు కోలుపోయి, పలుచబడి, రంగు వెలసి, లాగినంతనే ఊడివచ్చుచు, కాళ్ళు ఉబ్బియున్నచో అది మాంసకృత్తుల లోపమునకు గుర్తు. అట్టి బిడ్డకు నూనె కాదు, వైద్యము కావలయును. ఆలస్యము చేయక ఆరోగ్య కేంద్రమునకు గొనిపోవలయును. జుట్టును గూర్చిన ముచ్చట ప్రాణమును కాపాడు సందర్భమిది.

కారణము తెలిసినది. ఇక చికిత్స.

నూనెతో ఆరంభింతము. నూనె నీరు కాదు. అది జుట్టునకు తేమ నీయదు, ఉన్న కప్పును కాపాడును. మన పెద్దలు తలంటు అను మాటలోనే సరియైన వరుసను దాచియుంచిరి. ముందు నూనె, పిమ్మట స్నానము. నేడు పెక్కురు స్నానము చేసి, పిదప నూనె రాసి, వీధిలోనికి పోవుచున్నారు. ఆ నూనెకు దుమ్మును, ఉప్పుతుంపరయు అంటి జుట్టు మరింత మొరటగుచున్నది. 2003లో రెలే, మొహిలే అను భారతీయ పరిశోధకులు కొబ్బరినూనె, ప్రొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలములను పోల్చిచూచిరి. స్నానమునకు ముందు పట్టించిన కొబ్బరినూనె వెండ్రుకలోని మాంసకృత్తులు కడుగుడుపోకుండ కాపాడినది. తక్కిన రెండును అట్లు చేయలేదు. కొబ్బరినూనెలోని ప్రధానమైన క్రొవ్వు ఆమ్లము వెండ్రుక లోనికి చొరగలదగుటయే దానికి కారణమని వారు తలంచిరి. కావున తలంటుకు గంట రెండు గంటల ముందు, లేదా ముందు రాత్రి, చారెడు కొబ్బరినూనెను జుట్టు నడిమి నుండి చివరలకు పట్టించినచో చాలును. చిక్కని ఆముదమును ఎక్కువగ పోసి గట్టిగ రుద్దవలదు. అట్లు రుద్దగ జుట్టంతయు విడదీయరాని ముద్దగ జడకట్టిన సందర్భము 2017లో మన దేశపు వైద్యపత్రిక యొకదానిలో ప్రకటితమైనది.

కడుగుటకు ఒంటిసబ్బు వాడవలదు. అది క్షారము. పొలుసులను లేపును, కఠినజలమున మడ్డి కట్టును. కుంకుడుకాయలోని నురుగు పదార్థమునకు ఆ దోషము లేదు. అది సున్నముతో కలిసి మడ్డిగ మారదు, దాని రసము కొంచెము ఆమ్లగుణము గలది. ఉప్పునీటి పల్లెలలో మన అవ్వలు కుంకుళ్ళను విడువకుండుటకు ఇట్టి కారణము కలదు. అయితే వారు పిసికిన చిక్కని రసము ఉన్న జిడ్డునంతయు ఊడ్చివేయును. ఉంగరాల జుట్టునకు దానిని మజ్జిగవలె పలుచన చేసి తలచర్మమునకు మాత్రమే పట్టింపవలయును. జారిన నీటితోనే చివరలు శుభ్రపడును. షాంపూ వాడువారును ఈ పద్ధతినే అనుసరింపవలయును. వారమునకు ఒకటి రెండుమార్లు చాలును. చెమటపట్టిన దినములలో ఊరక మంచినీటితో తడిపి తొలిపినచో సరిపోవును.

నీటి దోషమని తేలినవారు స్నానమంతయు మంచినీటితో చేయనక్కరలేదు. నేడు మన పల్లెలలో డబ్బానీరు కొనని యిల్లు అరుదు. చివరి రెండు చెంబులు మాత్రము ఆ నీటితో తొలిపినచో ఉప్పు నిలువదు. ఇదివరకే కట్టిన మడ్డి వదలుటకు గూడూరు ప్రాంతపు నిమ్మకాయ కలదు. పెద్ద చెంబెడు నీటిలో అరచెక్క నిమ్మరసము కలిపి, పదునైదు దినములకొకసారి జుట్టును తడిపి, రెండు నిముషములాగి, మంచినీటితో పూర్తిగ తొలిపివేయవలయును. ఆ రసము కంటబడరాదు. నుదుటను, మెడను నిలిచి ఎండ తగిలినచో చర్మము నల్లబడి పొక్కవచ్చును. కావున తొలుపుటలో అశ్రద్ధ పనికిరాదు.

తరువాతిది నునుపు. మెంతులను రాత్రి నానబెట్టి మెత్తగ రుబ్బి వడగట్టిన జిగురు గాని, మందారాకు పసరు గాని, అంగడిలో దొరకు కండిషనరు గాని, చేయు పని ఒక్కటే. లేచిన పొలుసులపై సన్నని పూత వేసి వెండ్రుకకు వెండ్రుకకు నడుమ రాపిడిని తగ్గించును. పూత అనిన మాటను మరువవలదు. అది మరమ్మతు కాదు. ఈ పూత ఉన్నప్పుడే, జుట్టు తడిగ నున్నప్పుడే, చిక్కు తీయవలయును. ఎండిన ఉంగరాల జుట్టును దువ్వుట ముళ్ళకంచెను లాగుటవంటిది. ముందు వ్రేళ్ళతోను, పిదప వెడల్పు పళ్ళ దువ్వెనతోను, చివరలనుండి ఆరంభించి కొంచెము కొంచెముగ పైకి రావలయును. పేనుదువ్వెనను పేలకే ఉంచుడు. తువ్వాలుతో రుద్దక పాత పంచెముక్కతో ఒత్తి, నీడన ఆరనీయవలయును. మఱునాడు దువ్వెన పని లేదు. చేతులు తడిచేసి సవరించుకొన్నచో ఉంగరాలు తిరిగి నిలుచును.

ఋతువును బట్టి కొంత మార్పు అవసరము. వేసవిలో పడమటిగాలి వీచునప్పుడు జుట్టులోని తేమ హరించును. అప్పుడు తలకు నూలుగుడ్డ చుట్టుకొనవలయును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు ముఖ్యమైన వానకాలము. అప్పుడు గాలిలోని తేమను త్రాగి జుట్టు ఉబ్బును. గ్లిసరిను కలిపిన లేపనములు ఆ ఉబ్బును పెంచును గనుక తగ్గింపవలయును. అప్పుడే చూరునీరు పట్టి వడగట్టి యుంచినచో తలంటుకు అంతకంటె మేలైన నీరు లేదు. సముద్రస్నానమునకు పోవువారును, వేటకు పోవు పట్టపు సోదరులును ఒక ఉపాయము చేయవచ్చును. లీటరు సముద్రజలమున సుమారు ముప్పదియైదు గ్రాముల లవణములున్నవి. ముందుగ జుట్టును మంచినీటితో తడిపి, కొంచెము కొబ్బరినూనె రాసినచో, నిండిన కడవలో మరి నీరు పట్టనట్లు ఉప్పునీరు తక్కువగ చొరబడును. ఇల్లు చేరినంతనే మంచినీటితో తొలుపవలయును.

ఇక విడువదగినవి రెండు. మొదటిది బిగించి లాగి జడ వేయుట. సంవత్సరముల తరబడి అట్లు లాగిన కణతలయొద్ద జుట్టు రాలి, ఆలస్యమైనచో తిరిగి మొలవదు. రెండవది మందులతో జుట్టును సాపు చేయించుట. అట్టి లేపనములు కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడు వాయువును విడుచును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ఆ వాయువును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. దానికి బదులుగ వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లపు లేపనము వాడిన యొక యువతికి మూత్రపిండములు దెబ్బతిన్న వైనమును 2024లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ప్రకటించిరి. పెండ్లిలో నాలుగు గంటల ముచ్చటకై అంత వెల యీయదగునా యని తల్లిదండ్రులు ఆలోచింపవలయును.

ఈ సంకటము మన తీరమునకు మాత్రమే పరిమితము కాదు. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుచున్నారు. భారతదేశపు జుట్టు సవరములుగను, టోపీజుట్టుగను మారి దూరదేశములకు పోవుచున్నది. అచట కొనువారిలో గట్టి చుట్టల జుట్టు గల ఆఫ్రికా సంతతి స్త్రీలు అనేకులు. తమ జుట్టు కొలువునకు తగదని చెప్పినవారికి వెరచి కొందరు దానిని కప్పుకొనవలసివచ్చినది. కాని అచటి స్త్రీలే 1960 దశకము నుండి తమ సహజకేశములను గౌరవముగ ధరింపసాగిరి. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, జుట్టు స్వభావమును బట్టి బడిలో గాని పనిలో గాని ఎవరిని చిన్నచూపు చూడరాదని శాసనము చేసినది. మన యింట ఆ పని కొఱకు శాసనము అక్కరలేదు. నవ్వుట మానినచో చాలును.

చివరగ ఓపికను గూర్చి. చర్మము బయటికి వచ్చిన వెండ్రుకకు ప్రాణము లేదు. గాయము మానినట్లు అది మానదు. చీలిన చివరలను అతికించు నూనెయు, లేపనమును లోకమున లేవు. వాటిని అంగుళము మేర కత్తిరించి, క్రొత్తగ వచ్చు జుట్టును కాపాడుకొనుటయే మార్గము. నెలకొక సెంటీమీటరు చొప్పున ఫలము కనబడును. నేడు ఆరంభించినవారు రానున్న సంక్రాంతులు రెండు గడచునప్పటికి జానెడు మంచి జుట్టును చూడగలరు. అమ్మలారా, రేపు దువ్వెన చేతబట్టుటకు ముందు పిల్ల తలను ఒకమారు వ్రేళ్ళతో తడవి, పొడిదనము ఎచ్చట నున్నదో అడిగి, నీటిని, నూనెను పిమ్మట నిర్ణయింపుడు. పిల్ల యేడ్వకుండ జడ వేసిన దినమున మీ చికిత్స దారిలో పడినదని తెలిసికొనవచ్చును.